ఆపరాని శోకం

తూర్పున సూర్యుడు ఇంకా పూర్తిగా కళ్ళు తెరవకముందే, శబ్దవతీ నగర రాకుమారి మేఘరంజని గాలిబురుజు కిటికీలోంచి వేలాడుతూ ఉంది. చేతుల్లో ముడివేసిన పట్టు దుప్పట్ల తాడు. కింద అగడ్త. అగడ్తలో మొసళ్ళు. తాడు చివర నీళ్ళకు అందలేదు గానీ మొసళ్ళకు మాత్రం అందేలా ఉంది.

రాకుమార్తెలకు ఇలాంటి పని అలవాటు ఉండదు. అరచేతులు మంటెత్తిపోతున్నాయి. అయినా రాత్రి జరిగింది తలుచుకుంటే ఆమెకు వెనక్కి ఎక్కబుద్ధి కాలేదు. విందులో నవ్వుతూ కూర్చున్న తండ్రి విక్రాంతసేన మహారాజు, పాలగిన్నె ఖాళీ చేసి కింద పెట్టి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఆస్థాన వైద్యుడు నాడి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "నాన్నగారి ఒళ్ళు వెచ్చగానే ఉంది, నుదుట చెమట పడుతోంది, చూడండి" అని మేఘరంజని ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేకపోయాడు. మహామంత్రి దండకేతుడు కళ్ళొత్తుకుంటూ, "పాపం, దుఃఖంతో రాకుమారికి మతి చలించింది. కాస్త విశ్రాంతి ఇప్పించండి" అన్నాడు. ఆ విశ్రాంతి పేరు గాలిబురుజు. తలుపుకు బయట గడియ వేశారు.

దండకేతుడు చేసిన పొరపాటల్లా ఆమెను తన రహస్య మందిరానికి సరిగ్గా పైగదిలో పెట్టించడమే. నేలపలకల సందుకు చెవి ఆనించి ఆమె అంతా విన్నది.

"కాలనిద్ర మూలిక బలం పొద్దు గుంకేదాకానే" అంటున్నాడు దండకేతుడు తన శిష్యుడితో. "ఆ తరువాత రాజు ఆవులించి లేచి కూర్చుంటాడు. ఆలోగా చితి అంటుకోవాలి."

"సభలో ఎవరైనా అడ్డుపడితే, గురుదేవా?"

మంత్రి వేషంలో ఉన్న ఆ మాంత్రికుడు ఒక రాగిచెంబును తట్టిన చప్పుడు వినిపించింది. "ఇన్నేళ్ళుగా నాకు ఎదురు మాట్లాడిన ప్రతివాడి గొంతూ సరిగ్గా సమయానికి ఎందుకు పూడుకుపోయిందనుకున్నావు? మూత తీసి అటు తిప్పితే చాలు, మాట్లాడేవాడి గొంతు వచ్చి ఇందులో పడుతుంది. ఒకసారికి ఒక్క గొంతే పడుతుంది, రెండోది వస్తే మొదటిది జారిపోతుంది. అదొక్కటే దీని లోపం. అయినా ఈ రాజ్యంలో ఇద్దరు ఒకే మాట మీద నిలబడటం నేనింతవరకు చూడలేదులే."

ఇదంతా విన్న పిల్ల గదిలో ఎలా కూర్చుంటుంది? అందుకే తెల్లవారేసరికి అలా వేలాడుతోంది.

ఇంతలో అగడ్తలో అన్నిటికన్నా పెద్ద మొసలి తల పైకెత్తి, గాలిలో ఊగుతున్న దుప్పటి చివరను ఏదో తినే వస్తువనుకుని కరుచుకుంది. కరిచిన మొసలి వదలదు. అది దుప్పటిని లాక్కుంటూ ఆవలి గట్టువైపు ఈదుకుపోయింది. పట్టు సాగి, తాడు బిగిసి, బురుజు మీదనుంచి గట్టుదాకా ఏటవాలుగా నిలిచింది. మేఘరంజని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పైట చెరగు తాడుకు అడ్డంగా చుట్టి పట్టుకుని జర్రున జారింది. మిగిలిన మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని పైకి ఎగిరేసరికే ఆమె వాటిని దాటిపోయింది. చివర పెద్ద మొసలి ముక్కు మీద కాలుపెట్టి, గట్టు మీది నాచులోకి దూకి పడింది. మొసలి మాత్రం పట్టు దుప్పటిని నములుతూ అక్కడే ఉండిపోయింది.

నేరుగా సభలోకి పరిగెత్తి, నాన్న బతికే ఉన్నాడని చెప్పేస్తే పోదా అన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చినంత వేగంగానూ పోయింది. ఎందుకు పోయిందో తెలియాలంటే శబ్దవతి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

కొన్ని రాజ్యాలు గుర్రాలకు పేరు పొందుతాయి, కొన్ని మామిడిపళ్ళకు. శబ్దవతి మాటలకు పేరు పొందింది. ఆ రాజ్యాన్ని నిలబెట్టిన శంఖపాలుడు కత్తి దూయకుండా, ఒక బండ ఎక్కి శత్రుసైన్యం ముందు పొద్దస్తమానం మాట్లాడాడట. శత్రువులు ఒప్పుకున్నారో విసిగిపోయారో తెలియదు గానీ వెనక్కి వెళ్ళిపోయారు. ఆ బండకు వాక్శిల అని పేరు పెట్టి, చుట్టూ సభామండపం కట్టారు. ఆనాటినుంచి ఆ శిల ఎక్కి పలికిన మాటకే ఆ రాజ్యంలో విలువ. పన్ను వేయాలన్నా, తీయాలన్నా, సేన కదలాలన్నా శిల మీదనుంచే పలకాలి. గొప్పింటి మగపిల్లలు మీసాలు మొలవకముందే ఏటిలో మెడలోతున నిలబడి, నాలుక కింద చింతగింజ పెట్టుకుని, ఆవలి ఒడ్డుకు వినబడేదాకా శ్లోకాలు అరిచేవారు. 'కంఠనిర్ణయం' అనే గ్రంథం గొంతులను మేఘకంఠమనీ, వృషభకంఠమనీ, భేరీకంఠమనీ విడదీసి ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయం రాసింది. ఆడవాళ్ళ గొంతుకు ఆఖరి పుటలో ఒక్క వాక్యం దక్కింది: "స్త్రీ స్వరం ఊయల దగ్గర, పాడె దగ్గర శోభిస్తుంది."

అంతఃపురం ఆడవాళ్ళు రాతి జాలీ వెనక కూర్చుని సభను చూడవచ్చు. గాజులు గలగలమనకుండా చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. పూర్వం ఇందుకళాదేవి అనే రాణి, ఒక మంత్రి కరువు లెక్క తప్పు చెబుతుంటే ఉండబట్టలేక జాలీ వెనకనుంచి సరిదిద్దింది. ఆమె చెప్పిందే సరైనదని తేలింది. అందుకు సభ ఆమెకు నమస్కారం పెట్టలేదు సరికదా, జాలీకి తెర కూడా కట్టించింది. సభలో నోరు విప్పిన ఆడదాన్ని భటులు రెక్క పట్టుకుని, ఆమె మాట పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, నగరం దాటించేవారు. మేఘరంజని ఆ తెర వెనకే పెరిగింది. ఈ సంగతులు ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

అందుకని ఆమె కోటవైపు కాకుండా, కోట వెనక వల్లకాటి వాడవైపు నడిచింది.

ఆ వాడలో చావులకు శోకాలు పెట్టే ఆడవాళ్ళు ఉంటారు. ఊరంతటికీ ఏడ్చిపెట్టేవాళ్ళు గదా, వాళ్ళిళ్ళు ఎంత దిగులుగా ఉంటాయోననుకుంటారు చూడనివాళ్ళు. మేఘరంజని వెళ్ళేసరికి వాళ్ళంతా అరుగు మీద కూర్చుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ చద్దన్నం తింటూ, ఎవరిదో మొగుడి గురించి విరగబడి నవ్వుతున్నారు. నడుమ ఎర్రసాని కూర్చుంది. ఆమె ఆ వాడకు పెద్ద. ఎత్తయిన మనిషి, తలంతా నెరిసినా గొంతు మాత్రం నెరవలేదు. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని ఉంది.

"ఎవరమ్మా నువ్వు, ఒళ్ళంతా నాచు పూసుకొచ్చావు?" అంది.

"అవ్వా, మీరీరోజు సభకు వెళుతున్నారా?"

"ఎల్లకపోతే రాజుగారి పాడె లేవద్దా? పండితులు మాటాడినాక మేం ఏడవాల. మేం ఏడిసి, జుట్టు ముడేసుకున్నాకే మోసేవోళ్ళు బుజం పెట్టాల. అది మా తాతలనాటి కట్టు. ఇంతకీ నీకెందుకు?"

"ఆ పాడె మీద పడుకోబెట్టిన ఆయన మా నాన్న."

ముద్దలు నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి. మేఘరంజని ఉన్నదున్నట్టు చెప్పేసింది. పాలగిన్నె, మూలిక, చెంబు, చితి. ఎర్రసాని కరక్కాయను ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చింది.

"అయితే పొద్దు గుంకేదాకా పాడె లేవకూడదు, అంతేగా?"

"అంతే. కానీ ఎలా ఆపడం అవ్వా? నన్ను చూస్తే గుమ్మంలోనే పట్టుకుంటారు."

"ఎలా అంటావేంటి, రాజుబిడ్డవై ఉండి. మేం ఏడుస్తున్నంతసేపు మమ్మల్ని ఆపే మొగోడు ఈ రాజ్జెంలో లేడు. మీ నాయనైనా ఆపలేడు. పాడె మీద పడ్డ ఆడదాని నోరు మూయించినోడికి తాగడానికి నీళ్ళు పుట్టవని శంఖపాలుడు రాయించాడు. ఆయన తల్లి ఏడుపు ఆయనే ఆపబోతే ఏరెండిపోయిందంట. ఇన్నాళ్ళూ ఆ కట్టుతో ఎవరికీ పని పడలేదు. తమలపాకు నమిలేంతసేపు ఏడిసి వచ్చేస్తన్నాం. ఈరోజు కాస్త నిదానంగా ఏడుద్దాం."

వాళ్ళు ఆమెకు నేత చీర కట్టారు, మొహాన బూడిద పూశారు, జుట్టు విప్పి ముందుకు వదిలారు. కన్నతల్లి ఎదురైనా గుర్తుపట్టని వేషం. బయలుదేరబోతూ ఎర్రసాని ఆమె గడ్డం పట్టుకుని చెప్పింది.

"ఒక్కటి గుర్తెట్టుకో తల్లీ. బతికున్నోళ్ళతో మాటాడావా, అది సభలో మాట. బయటికి ఈడ్చేస్తారు. పాడె మీదున్నోడితో మాటాడావా, అది శోకం. ఏం చెప్పాలన్నా మీ నాయనకే చెప్పు, వినాల్సినోళ్ళు వింటారు. ఆయన బతికున్నాడని మాత్రం పొరపాటున కూడా అనమాక. అన్నావంటే, బతికినోడి మీద శోకమేంటని మనందరినీ కలిపి గెంటుతారు."

ఆ నాటి సభామండపాన్ని చూడటానికి కళ్ళు చాలవు. విచ్చిన తామరలా చెక్కిన రాతి నేల, ఒక్కొక్క రేకు మీద ఒక్కొక్క సామంతుడు, నడుమ దుద్దు స్థానంలో నల్లగా నిగనిగలాడే వాక్శిల. స్తంభాలకు పగడాల తీగలు, తీగలకు ముత్యాల గుత్తులు, గాలి తగిలితే గుత్తులన్నీ మెల్లగా గలగలమనేవి. గోడల వెంట పూర్వపు వక్తల విగ్రహాలు, ఒక్కొక్కరు కుడిచెయ్యి ఎత్తి, నోరు తెరుచుకుని ఉన్నారు. వాటిలో కొన్ని నోళ్ళలో పిచ్చుకలు గూళ్ళు కట్టుకున్నాయి. శిల ముందు గంధపు పాడె. పాడె మీద విక్రాంతసేనుడు. సింహాసనం మెత్త మీద రాజముద్ర ఒంటరిగా ఉంది. దాని పక్కనే తెల్లటి ఉత్తరీయం కప్పుకుని దండకేతుడు నిలబడ్డాడు. ఉత్తరీయం కింద ఒకచోట ఉబ్బెత్తుగా ఉండటం మేఘరంజని గమనించింది.

పండితులు ఒకరి తరువాత ఒకరు శిలెక్కి సంతాపాలు మొదలుపెట్టారు. శబ్దవతి పండితుడికి శిల దొరికితే దిగబుద్ధి కాదు. కానీ ఆ రోజు ఎవరి ప్రసంగం ఊపందుకున్నా వారి గొంతు ఉన్నట్టుండి పూడుకుపోయేది. దండకేతుడు ఉత్తరీయం సర్దుకునేవాడు. మధ్యాహ్నం దాటకముందే పండితులందరూ, పోయిన గొంతు తిరిగొచ్చినా మళ్ళీ లేచే ధైర్యం లేక, దగ్గుకుంటూ కూర్చున్నారు.

"ఇక శోకం కానివ్వండి. త్వరగా" అన్నాడు దండకేతుడు.

ఎర్రసాని గుంపు పాడె చుట్టూ చేరింది. ఎర్రసాని రాగం ఎత్తి రెండు మాటలు అని, మేఘరంజనిని ముందుకు తోసింది. రాకుమారి నోరు తెరిచింది. చిన్నప్పటినుంచి తెర వెనక విన్నది పండితుల మాటలే గనుక, ఆమె నోట ముందు అవే వచ్చాయి.

"సకల సామంత మకుట మణి కిరణ రంజిత పాదపీఠా..."

సభ ముఖం చిట్లించింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. భటుడొకడు అడుగు ముందుకు వేశాడు. ఎర్రసాని ఆమె నడుం మీద గట్టిగా గిల్లి, "ప్రసంగం కాదే, ఏడువు" అని గొణిగింది.

మేఘరంజని తండ్రి ముఖంలోకి చూసింది. రోజూ పొద్దున్నే తన జడ లాగి ఏడిపించే మనిషి, కట్టెల మీదికి వెళ్ళబోతూ, నుదుట చిన్న చెమట బొట్టుతో పడుకుని ఉన్నాడు. అప్పుడిక నేర్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఓ నాయనా, నన్ను కన్న నాయనా,
నిన్న సందెవేళ నాతో నవ్వితివి నాయనా,
చేతికి పాలగిన్నె ఎవరు తెచ్చిరి నాయనా?
తాగినవాడివి నువ్వు ఒరిగిపోతివి,
తెచ్చినవాడు నీ గద్దె పక్కన నిలిచె నాయనా."

దండకేతుడు తల ఎత్తాడు.

"నీ నాడి చూసిన వైద్యుడి చేతికి
నిన్న లేని కంకణం నేడెక్కడిది నాయనా?
రాజులు పోతే ఊరంతా చూసేదాకా ఉంచుతారే,
నీకు పొద్దుండగానే కట్టెలు పేర్చిరి,
ఆ తొందర ఎవరికి నాయనా, ఎందుకు నాయనా?"

వైద్యుడు చెయ్యి శాలువా కిందికి లాక్కున్నాడు. ఆ లాక్కోవడం సేనాపతి భద్రగజుడి కంట్లో పడింది. ఆయన ముసలివాడు, మీసాలు చెవులదాకా ఉన్నవాడు, ఆడవాళ్ళ మాటకు జీవితంలో ఎన్నడూ తల తిప్పనివాడు. ఈసారి తిప్పాడు.

"ఇది శోకం కాదు, అభియోగం" అన్నాడు దండకేతుడు. "ఈ మనిషి సభలో మాట్లాడుతోంది. బయటికి పంపండి."

అందరూ సభాపతి వాగీశభట్టు వైపు చూశారు. సభా నియమాలన్నీ ఆయన నాలుక చివరన ఉంటాయి. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా సూత్రం చూసి గానీ అడగని మనిషి. ఆయన లేచి వచ్చి, పాడె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మేఘరంజనిని పరీక్షగా చూశాడు.

"జుట్టు విరబోసి ఉన్నది. రాగం ఉన్నది. సంబోధన మృతుడికే ఉన్నది. విషయం ఏదైనా కావచ్చు, విషయం గురించి నియమం లేదు. ఇది శోకమే" అని తేల్చి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన ఎవరి పక్షమూ కాదు, నియమం పక్షం. ఆ రోజుకు అదే మేలైంది.

మేఘరంజనికి ధైర్యం వచ్చింది. గొంతు పెంచింది. తండ్రి గెలిచిన యుద్ధాలు చెప్పింది, ఓడిన చదరంగాలు చెప్పింది. సభలో మంచిమాట చెప్పబోయి గొంతు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు పేరుపేరునా పిలిచి, ఆ గొంతులు ఎవరి ఉత్తరీయం కింద దాగాయని తండ్రినే అడిగింది. స్తంభాల నీడలు సాగుతున్నాయి. మోసేవాళ్ళు నిలబడలేక గోడకు ఆనుకున్నారు. బయట వీధిలో పూలమ్మేవాళ్ళు, కుండలు మోసేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు గుమ్మం దగ్గర గుంపు కట్టారు.

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదనిపించిన క్షణంలో, ఆమె చూపు తెర కట్టిన జాలీ మీద పడింది. అప్పుడు గొంతులోంచి వచ్చిన మాట ఆమె ముందుగా అనుకున్నది కాదు.

"తెర వెనక నేనొక్కదాన్నే కాదు నాయనా,
ఇందుకళమ్మ అక్కడ కూర్చుని కరువు లెక్క చెప్పె,
లెక్క సరిపోయె, తెర మిగిలిపోయె నాయనా.
నన్ను కన్నతల్లి అక్కడ కూర్చుని
ఏటికట్ట బీటలిచ్చెనని గొణిగె నాయనా.
కట్ట తెగి ఊళ్ళు మునిగినాక నువ్వు విలపిస్తివి,
ముందుగా నాకెవరూ చెప్పలేదంటివి.
చెప్పింది నాయనా, అమ్మ చెప్పింది,
నీకంటే ముందు తెర వినింది నాయనా."

జాలీ వెనక ఎవరో వెక్కారు. ఆ వెక్కు మామూలు ఏడుపు కాదు, చాలా ఏళ్ళుగా ఆపుకున్న ఏడుపు. దాని వెంట ఇంకొకటి, ఇంకొకటి వినిపించాయి. బూడిద వెనక ఉన్నది రాకుమారేనని సభకు తెలిసిపోయింది. మగవాళ్ళు ఎక్కడ చూడాలో తెలియక కాళ్ళవైపు చూసుకున్నారు.

దండకేతుడు పడమటి గవాక్షంలోంచి పొద్దు చూశాడు. శోకం ఆపితే నీళ్ళు పుట్టవన్న మాటకు ఇంతసేపూ జంకినవాడు, ఇక లాభం లేదని ఉత్తరీయం తొలగించి, చెంబు మూత తీసి ఆమెవైపు తిప్పాడు. మేఘరంజని నోరు కదులుతోంది, మాట లేదు. గొంతు చేత్తో పట్టుకుంది. చెంబులోంచి సన్నగా 'నాయనా' అని వినిపించి ఆగింది.

"శోకం ముగిసింది. పాడె ఎత్తండి" అన్నాడు దండకేతుడు. మోసేవాళ్ళు వంగారు.

ఎర్రసాని ఒక్క అంగలో వచ్చి మేఘరంజని మెడ కావలించుకుంది. ఆడవాళ్ళ ఏడుపులో ఒకరు అలసిపోతే ఇంకొకరు మెడ పట్టుకుని అందుకోవడం ఎక్కడైనా ఉన్నదే. "ఓ నాయనా, ఈ బిడ్డ నాయనా" అని రాగం ఎత్తేసరికి మండపం అదిరింది. మోసేవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. దండకేతుడు చెంబు అటు తిప్పాడు. ఎర్రసాని గొంతు పోయింది. అదే క్షణంలో మేఘరంజని గొంతు తిరిగొచ్చింది. ఆమె వదిలిన మాట దగ్గరే అందుకుంది. చెంబు ఇటు తిరిగింది. ఎర్రసాని గొంతు తిరిగొచ్చింది. మాంత్రికుడు చెంబు ఇటూ అటూ తిప్పుతుంటే, శోకం ఈ మెడనుంచి ఆ మెడకు మారుతూ పోయింది గానీ ఆగలేదు. ఎక్కడ రాగం తెగుతుందోనని చూస్తున్న వాగీశభట్టు చెవి మీద చెయ్యి పెట్టుకుని, "తెగలేదు, తెగలేదు" అంటూ తల ఊపసాగాడు.

అప్పుడు పైన చర్రున చప్పుడైంది. అంతఃపురం ఆడవాళ్ళు జాలీ మీది తెర చింపేశారు. మెట్ల మీదుగా గాజులు గలగలలాడించుకుంటూ దిగివచ్చారు. గుమ్మం దగ్గరి పూలమ్మేవాళ్ళు భటుల చేతుల కిందనుంచి దూరి లోపలికి వచ్చారు. జుట్టు విప్పని ఆడది లేదు. ఒకరి మెడ ఒకరు పట్టుకున్నారు. ఎవరి చావుకో ఏడ్చే ఏడుపు కాదది. చెప్పి వినిపించుకోలేనివీ, చెప్పనివ్వనివీ, చెప్పబోయి మింగేసినవీ అన్నీ ఒక్కసారిగా విక్రాంతసేనుడి పాడె మీద కుమ్మరించారు. విగ్రహాల నోళ్ళలోని పిచ్చుకలు ఎగిరిపోయాయి.

దండకేతుడు చెంబు ఎటు తిప్పినా ఒక గొంతు పడుతోంది, ఒక గొంతు జారిపోతోంది. చెంబు ఎర్రబడింది, వణికింది, ఉబ్బింది. చివరికి పెళ్ళున పగిలి, రాగిరేకులు మాంత్రికుడి గడ్డం కాల్చుకుంటూ నలుదిక్కులా ఎగిరాయి. చెంబు పోయిందని చూసి, పొద్దుటినుంచి దగ్గుతున్న పండితులు ఒక్కసారిగా గొంతు సవరించుకున్నారు. ఆ గోలలో వాళ్ళ మాట ఎవరికీ వినిపించలేదు.

పడమటి గవాక్షంలో ఆఖరి ఎరుపు ఆరిపోయింది.

పాడె మీద రాజుగారి కాలి బొటనవేలు కదిలింది. ముందు చూసింది ఎర్రసాని. ఆమె ఏడుపు మధ్యలో ఆపి, తలవెనక చేతులు పెట్టి జుట్టు ముడేసుకుంది. ఆడవాళ్ళంతా ఒకరిని చూసి ఒకరు ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో విక్రాంతసేనుడు పెద్దగా ఆవులించి, కళ్ళు తెరిచి, తనను కట్టిన తాళ్ళవైపు చూసుకున్నాడు. మేఘరంజని ఆయన గుండె మీద తల పెట్టి, ఇప్పుడు నిజంగా వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేకపోయింది.

అందరి కళ్ళూ పాడె మీద ఉండగా దండకేతుడు సింహాసనం మీది ముద్రను ఎగరేసుకుపోయాడు. ఒక మంత్రం చదివి, పొగలోంచి గండభేరుండమంత గద్దగా లేచి, మండపం పైకప్పు చీల్చుకుని ఎగిరాడు. అతని శిష్యుడు వెంట పరిగెత్తబోతుంటే పూలమ్మేవాళ్ళు జుట్టు పట్టుకుని కూలేశారు. వాడు ఒక్క దెబ్బ పడకముందే అంతా కక్కేశాడు.

"గురుదేవులు సరిహద్దులోని గవ్వలకోటకు పోతున్నారు. ముద్ర చూపించి కోట తలుపులు తీయిస్తారు. అవతల శత్రురాజు కాలకంఠుడి సేన కాచుకుని ఉంది. తెల్లారేసరికి కోటలో ఉంటుంది. నన్ను కొట్టొద్దు తల్లీ."

భద్రగజుడు కత్తి పిడి మీద చెయ్యి వేసి రాజుకు ఎదురుగా మోకరిల్లాడు. "మహాప్రభూ, శిల మీదనుంచి ఆజ్ఞ కాకపోతే సేన కదలదు. పలకండి."

రాజు పెదవులు కదిలాయి. మూలిక విషం గొంతును ఎండగట్టేసింది. గాలి తప్ప మాట రాలేదు.

వాగీశభట్టు మెల్లగా లేచాడు. "ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మహారాజు జీవించి ఉన్నారు. జీవించి ఉన్నవారి మీద శోకం చెల్లదు. కనుక ఈ అమ్మాయి మధ్యాహ్నం నుంచి చేసింది శోకం కాదు, ప్రసంగం. శిల ఎక్కకుండా ప్రసంగించింది. నియమం ప్రకారం..." ఆయన అక్కడ ఆగి, సభ అంతటినీ, జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళందరినీ, పగిలిన పైకప్పునూ చూశాడు. "నియమం ప్రకారం, శిల ఎక్కకుండా పలికినవారు తప్పు దిద్దుకోవాలంటే శిల ఎక్కి పలకాలి. ఆడవారు ఎక్కరాదని... శంఖపాలుడు ఎక్కడా రాయలేదు. మనమే అనుకుంటూ వచ్చాం."

విక్రాంతసేనుడు చెయ్యెత్తాడు. వేలితో కూతురిని చూపించి, తరువాత శిలను చూపించాడు.

మేఘరంజని బూడిద మొహంతో, నేత చీరతో వాక్శిల ఎక్కింది. పడమటి గవాక్షపు ఎండకు కాగిన రాయి వేడి ఇంకా పాదాలకు తగులుతోంది. కింద సామంతులు, పండితులు, కత్తి మీద చెయ్యితో సేనాపతి, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. మధ్యాహ్నం నుంచి పట్టిన రాగం నాలుక మీదికి రాబోయింది. ఆమె దాన్ని మింగేసి, గొంతు సవరించుకుంది.

"సేనాపతీ" అంది, మామూలు గొంతుతో, బతికున్న మనిషి కళ్ళలోకి చూస్తూ. "గద్ద ఎంత వేగంగా ఎగిరినా ఆ ఎత్తయిన కొండలను పైనుంచి దాటలేదు, చుట్టుకునే పోవాలి. మనం కొండల అడుగున ఉన్న నేలకనుమలోంచి అడ్డంగా పోతే తెల్లవారకముందే గవ్వలకోట చేరతాం. రౌతులను సిద్ధం చేయండి, ఉత్తర ద్వారం తెరిపించండి. నా గుర్రం కూడా తెప్పించండి. నేను ముందు నడుస్తాను."

ఎవరూ దగ్గలేదు. ముసలి భద్రగజుడు కత్తి దూసి, శిల ముందు నేలకు ఆనించి, "ఆజ్ఞ, తల్లీ" అన్నాడు.

గుమ్మంలో నగారా మోగింది. వీధి వెంట ఒక భటుడినుంచి ఇంకొక భటుడికి ఆమె మాటే కేకలుగా అందుకుంటూ కోటగోడదాకా పోయింది. ఆ కేకతోపాటే ఉత్తర ద్వారం తెరుచుకుంది.